పాత సోలార్ ప్యానెళ్లు: ఫ్రేములు మాత్రం ఊడదీయనివ్వకండి

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదండి. రాజోలు దగ్గర మీ ఇంటి డాబా మీద 2012లో నాన్నగారు 2 కిలోవాట్ల సోలార్ పెట్టించారు. 250 వాట్ల ప్యానెళ్లు ఎనిమిది, బ్యాటరీలు నాలుగు. మొన్నటి ఈదురుగాలికి పక్క చెట్టు నుంచి కొబ్బరికాయలు పడి మూడు ప్యానెళ్లు పగిలాయి. పాత సామాన్లు కొనే అతను వచ్చి "అల్యూమినియం ఫ్రేములూ వైర్లూ పట్టుకెళ్తాను, అద్దాలు మీరే ఉంచుకోండి" అన్నాడు. బావగారేమో ఆ అద్దాలు చెరువు గట్టులో వేసి మట్టి కప్పేస్తే గట్టు కూడా గట్టిపడుతుందంటున్నారు. అమ్మగారికి నీళ్లలోకి విషం దిగుతుందని భయం. మిగిలిన ఐదూ పనికొస్తాయా అన్నది మీ సందేహం.

ముందు రెండు మాటలు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. గట్టులో వేయకండి. ఫ్రేములు విడిగా అమ్మకండి. మొదటిది మీకు ఎవరైనా చెబుతారు. రెండోది చెప్పేవాళ్లు తక్కువ, నా దృష్టిలో అదే అసలు మాట.

నేను అమలాపురంలో ఉండి ఇరవై ఏళ్లకు పైగా ఈ పనే చేస్తున్నాను. మొదట్లో నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద ప్యానెళ్లు దాటించి, రేవు దగ్గర దింపుకుని, సైకిల్ రిక్షాల్లో ఊళ్లలోకి తీసుకెళ్లిన రోజులున్నాయి. అప్పుడు ఎక్కించినవే ఇప్పుడు దింపుతున్నాను. కొన్నేళ్ల కిందట ఒక ఊళ్లో ఇరవై పాత ప్యానెళ్లు దింపి, మంచి రేటే వచ్చిందనుకుని పాత సామాన్ల వ్యాపారికి అప్పజెప్పాను. ఆరు నెలల తర్వాత అదే దారిలో వెళ్తుంటే మురుగు కాలువ గట్టు మీద ఆ ఇరవై పలకలూ కనిపించాయి. ఫ్రేములు లేవు, వెనక వైర్లు కలిసే పెట్టెలు లేవు, వైర్లు లేవు. కొన్ని నీళ్లలోకి జారిపోయాయి. ఇద్దరు పిల్లలు ఒక పలక మీద రాళ్లు వేసి పగలగొడుతున్నారు. ఆ సామాన్లు అమ్మింది నేనే. అప్పటి నుంచి దింపిన ప్రతి ప్యానెల్ చివరికి ఎక్కడికి చేరిందో కనుక్కోకుండా ఊరుకోవడం లేదు.

ఎందుకిలా జరుగుతుందో చెబుతాను. మీ 250 వాట్ల ప్యానెల్ బరువు సుమారు 19 కిలోలు. అందులో 13 కిలోల దాకా గాజే. చుట్టూ ఉన్న అల్యూమినియం 2 కిలోలు, కాస్త అటూ ఇటూ. గాజుకీ, ఎండను కరెంటుగా మార్చే సెల్స్‌కీ మధ్య జిగురులా కరిగి అంటుకున్న ఈవీఏ ప్లాస్టిక్, వెనక తెల్లటి బ్యాక్‌షీట్ కలిపి ఇంకో రెండు కిలోలు. సెల్స్, అంటే సిలికాన్, కిలో కూడా ఉండదు. రాగి రిబ్బన్లు, సెల్స్ మీద సన్నగీతల్లా కనిపించే వెండి, అతుకులు వేసే సోల్డర్‌లోని సీసం మిగతా కాస్తా. వీటిలో స్క్రూడ్రైవరు, సుత్తి చేతబట్టి పది నిమిషాల్లో తీయగలిగింది ఫ్రేమూ వైరూ మాత్రమే. మిగతాది ఒకదానికొకటి ఎంత గట్టిగా అతుక్కుని ఉంటుందంటే, పాతికేళ్లు ఎండకీ వానకీ విడిపోకూడదనే దాన్ని అలా తయారు చేశారు. దాన్ని విడదీయడానికి మిషన్లు కావాలి.

ఆ మిషన్లున్నవాళ్లకు కూడా ఒక ప్యానెల్ మీద ఖాయంగా వచ్చే రాబడిలో పెద్ద వాటా ఫ్రేముదే. అంటే ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లడానికి ఆ ప్యానెల్‌కున్న దారి ఖర్చు ఆ రెండు కిలోల అల్యూమినియమే. అది ఊడదీశాక మిగిలిన పలకను డబ్బిచ్చి కొనేవాడు ఉండడు. పైగా ఫ్రేము లేని గాజు ఎత్తితే అంచుల దగ్గర విరుగుతుంది, లారీలో పేర్చడం కుదరదు. మీ దగ్గరికి వచ్చిన అతన్ని నేను తప్పు పట్టడం లేదు. అతనికి పనికొచ్చేదే అడిగాడు. ఆ పలకల భారం మాత్రం మీ మీదే మిగులుతుంది.

ఇప్పుడు అమ్మగారి భయం సంగతి. డాబా మీద ప్యానెల్ పగలకుండా ఉన్నంతకాలం అందులోంచి విషం కారదు, ఆ నీడలో ఒడియాలు ఎండబెట్టుకున్నా ఏం కాదు. మీవి నీలం రంగు సిలికాన్ సెల్స్, మధ్యమధ్య తెల్ల గీతలు కనిపించేవి. అందులో ఆలోచించాల్సింది సీసం. ఒక్కో ప్యానెల్‌లో పదీ పదిహేను గ్రాములకు మించదు, అదీ ప్లాస్టిక్ పొరల మధ్య మూసి ఉంటుంది. ప్యానెళ్లను పొడి చేసి ఆమ్లపు నీళ్లలో కలియబెట్టి సీసం ఎంత దిగుతుందో చూసే పరీక్ష ఒకటుంది. అందులో కొన్ని రకాలు హద్దు దాటాయి, కొన్ని దాటలేదు. కాబట్టి ఒక్క ముక్కకే ఊరు పాడైపోతుందని బెంగ పడనక్కర్లేదు, ఏమీ కాదులే అని వదిలేయడానికీ లేదు. ఎక్కడైనా గీతల్లేకుండా నున్నగా నల్ల అద్దంలా ఉండే ప్యానెల్ కనిపిస్తే మాత్రం వెనక లేబుల్ చూడండి. కాడ్మియం టెల్యూరైడ్ అని ఉంటే, అందులో కాడ్మియం అనే విష లోహం ఉన్నట్టు, దాన్ని ఇంకా జాగ్రత్తగా, ముక్క కూడా పోకుండా దాచాలి.

గట్టు విషయంలో మన నేలను కూడా గుర్తు పెట్టుకోవాలి. వానాకాలంలో మన ఊళ్లలో నాలుగడుగులు తవ్వితే నీరు తగులుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఆ నీళ్లలో ఉప్పు కూడా ఉంటుంది. పగిలిన ప్యానెల్‌లోకి తడి వెళ్తే ఈవీఏ మెల్లగా పులుస్తుంది, నిజంగానే అసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేదే, పుడుతుంది. తడి చెయ్యి పెట్టిన ఆవకాయ జాడీ లాగే, ఒక్కసారి మొదలైతే లోపల్లోపలే పాడు చేసుకుంటూ పోతుంది. ఆ పులుపుకీ ఉప్పుకీ లోపలి సోల్డరు, రాగి తినేసుకుపోతాయి. మీ బావగారు వేద్దామంటున్న గట్టుకి ఒకవైపు చేపల చెరువు, రెండోవైపు కాలువ. ఆ గట్టును మూడు నాలుగేళ్లకోసారి పొక్లెయిన్ పెట్టి తవ్వి మళ్లీ వేస్తారు కదా. అప్పుడు ఒక్కో ప్యానెల్‌లోని 13 కిలోల గాజు పెంకులై చెరువు అడుగులోకి వస్తుంది. వల లాగేవాళ్లు ఒట్టి కాళ్లతో దిగుతారు. సీసం కన్నా ముందు నాకు భయం వేసేది దాని గురించే.

కాల్చడం అంతకన్నా చెడ్డది. రాగి కోసం వైర్లు కాల్చినట్టే ప్యానెళ్లను కూడా ఇటుక బట్టీల దగ్గర పడేసి కాల్చవచ్చని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ తెల్ల బ్యాక్‌షీట్లలో చాలావాటిలో ఫ్లోరిన్ ఉండే ప్లాస్టిక్ ఉంటుంది, కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది. అది కళ్లనూ ఊపిరితిత్తులనూ కాల్చే వాయువు. అలాగే నైట్రిక్ యాసిడ్‌తో ఇంట్లోనే వెండి తీయొచ్చని వీడియోలు తిరుగుతున్నాయి. ఒకతను నన్ను కూడా అడిగాడు. ఆ యాసిడ్ నుంచి లేచే గోధుమరంగు పొగ పీలిస్తే అప్పటికి దగ్గుతో పోయినట్టే ఉండి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. దొరికే వెండి కొద్ది గ్రాములు. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు.

మరి మిషన్లున్న చోట ఏం చేస్తారంటే, ముందు ఫ్రేమును, వెనక పెట్టెను తీసేస్తారు. తర్వాత కొందరు వేడి కత్తితో గాజును పలకగా విడదీస్తారు, కొందరు మొత్తం నలగ్గొట్టి జల్లెడలు పట్టి గాజు, లోహం, ప్లాస్టిక్ వేరు చేస్తారు, ఇంకొందరు సుమారు 500 డిగ్రీల కొలిమిలో ఈవీఏను కాల్చేసి ఆ పొగను శుద్ధి చేసి వదులుతారు. ఆ తర్వాత రసాయనాలతో వెండి, సిలికాన్ తీయడం. గాజు దగ్గర ఇంకో చిక్కుంది. సోలార్ గాజు తయారీలో చాలాచోట్ల యాంటిమొనీ అనే మూలకం కలుపుతారు, అందుకని దాన్ని సీసాల గాజుతో ఇష్టమొచ్చినట్టు కలిపేయడానికి వీల్లేదు. ఫ్రాన్స్‌లో 2018లోనే కేవలం సోలార్ ప్యానెళ్ల కోసం ఒక రీసైక్లింగ్ కర్మాగారం పెట్టారు. మనకు కూడా ఆ రోజు వచ్చింది. 2050 నాటికి ప్రపంచంలో పోగయ్యే పాత ప్యానెళ్లు 7.8 కోట్ల టన్నుల దాకా ఉండొచ్చని అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ 2016లోనే అంచనా కట్టింది. 2024లో పీఎం సూర్యఘర్ మొదలైన దగ్గర్నుంచి మన వీధుల్లో ఎన్ని డాబాల మీద కొత్త ప్యానెళ్లు ఎక్కాయో మీరూ చూస్తున్నారు. అవన్నీ ఒకనాటికి దిగాల్సినవే.

ఇక మీ ఐదు ప్యానెళ్ల దగ్గరికి వద్దాం. పడేయడానికి ముందు పరీక్షించండి. నన్నడిగితే వాటిలో మూడు నాలుగైనా పనికొస్తాయి. మామూలుగా ప్యానెల్ సామర్థ్యం ఏడాదికి అర శాతం నుంచి ముప్పావు శాతం వరకు తగ్గుతుంది. మన ఉప్పుగాలికి, తేమకి ఇంకాస్త ఎక్కువే అనుకున్నా, 2012 నాటి ప్యానెల్ ఇప్పటికీ 80 శాతానికి దగ్గర్లో ఇవ్వాలి.

ముందు వెనక వైపు చూడండి. బ్యాక్‌షీట్ మీద పగుళ్లు, బుడగలు, చేత్తో రాస్తే సుద్దలా పొడి రాలడం ఉంటే ఆ ప్యానెల్ మళ్లీ వాడొద్దు, వానలో షాక్ కొడుతుంది. ముందు వైపు సెల్స్ గోధుమరంగుకు తిరిగినంత మాత్రాన పారేయక్కర్లేదు. నల్లగా కాలిన మచ్చ కనిపిస్తే మాత్రం పక్కన పెట్టండి. అవి బాగుంటే మిట్టమధ్యాహ్నం మబ్బు లేనప్పుడు, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత, ఒక్కో ప్యానెల్‌నూ విడిగా కొలిపించండి. మీ రకానికి లోడ్ లేకుండా, అంటే దేనికీ కలపకుండా, 37 వోల్టులకు కాస్త అటూ ఇటూ లేబుల్ మీద రాసి ఉంటుంది, ఎండ వేడికి రెండు మూడు వోల్టులు తగ్గి కనిపించడం మామూలే. 37 బదులు 25 దగ్గర చూపిస్తే కంగారు పడకండి. వెనక పెట్టెలో కరెంటును ఒకవైపే వెళ్లనిచ్చే చిన్న భాగాలు, డయోడ్లు, మూడుంటాయి, వాటిలో ఒకటి షార్ట్ అయితే సరిగ్గా మూడో వంతు వోల్టేజి పోతుంది. డయోడ్ మార్చడం తక్కువ ఖర్చుతో అయిపోయే పని. పిడుగులు పడ్డ వానల తర్వాత ఇలాంటివి నా దగ్గరికి చాలా వస్తాయి, పనికిరావని పారేయబోయినవి బాగు చేసి ఇచ్చాను. వోల్టేజి బాగుండి కరెంటు లేబుల్‌లో ఉన్నదానిలో సగం కూడా రాకపోతే దాని పని అయిపోయినట్టే.

బాగున్నవాటిలో నాలుగింటిని రెండేసి జతలుగా ఇప్పుడున్న ఇన్వర్టర్‌కే ఉంచుకోవచ్చు, లైట్లూ ఫ్యాన్లూ నడుస్తాయి. కొత్త ప్యానెళ్లు కొని వీటితో వరసలో కలపకండి. వరసలో అన్నిటికన్నా బలహీనమైనది ఎంత కరెంటు ఇస్తే మిగతావీ అంతే ఇస్తాయి, కొత్తవాటి మీద పెట్టిన డబ్బు వృథా. ఐదోది కూడా బాగుంటే చెరువు దగ్గర కాపలా పాకకి ఇవ్వండి. ఇక్కడ ఒక్క మాట. ఈ 60 సెల్స్ ప్యానెల్‌ను 12 వోల్టుల బ్యాటరీకి బ్యాటరీ చార్జింగును అదుపు చేసే మామూలు చౌక కంట్రోలర్‌తో కలిపితే సగానికి పైగా శక్తి పోతుంది. ఎంపీపీటీ అని రాసి ఉన్న కంట్రోలర్ అడిగి తీసుకోండి. పాత ప్యానెళ్లను పశువుల పాక మీద కప్పుగా వాడుతుంటారు. అది నాకు ఇష్టం లేదు. ఇంకో కాయ పడితే గాజు పెంకులు గడ్డిలోకి వెళ్తాయి.

పగిలిన మూడింటినీ దింపేటప్పుడు మాత్రం టెన్షన్ పడకుండా, తొందర పడకుండా చేయాలి. వెలుగున్నంతసేపూ ప్యానెల్‌లో కరెంటు పుడుతూనే ఉంటుంది, దానికి ఆపే స్విచ్ లేదు. గాజు పగిలినా సరే పుడుతుంది, పైగా తడిసి ఉంటే ఫ్రేముకీ స్టాండుకీ కూడా కరెంటు వస్తుంది. అందుకని వాన వెలిసి డాబా పూర్తిగా ఆరాకే ఎక్కండి. ఇన్వర్టర్ ఆపి, ప్యానెళ్ల వైపు స్విచ్ ముందు తీసి, ఆ తర్వాతే బ్యాటరీ తీయాలి. ఈ వరస తప్పితే కంట్రోలర్ కాలిపోతుంది. పది నిమిషాలాగి, ప్యానెళ్ల మీద ధాన్యానికి కప్పే బరకం కప్పి, అప్పుడు కనెక్టర్లు విప్పాలి. లోడ్ మీద ఉండగా ఎప్పుడూ లాగొద్దు. డీసీ కరెంటు మెరుపు ఆరదు, వేళ్లు కాలుస్తుంది. వైర్లను కత్తిరించొద్దు, రెండు కొనలకీ విడివిడిగా టేపు చుట్టండి. గాలి ఉన్న రోజు అసలు వద్దు. ప్యానెల్ చేతిలో తెరచాపలా లేస్తుంది, మనిషిని డాబా అంచుకు లాక్కెళ్తుంది. ఇద్దరు మనుషులు, తోలు గ్లవ్స్, బూట్లు ఉండాలి.

దింపే ముందే ఫొటోలు తీసుకోండి, ప్రతి ప్యానెల్ వెనకా ఉన్న కంపెనీ పేరు, సీరియల్ నంబరు కనిపించేలా. ఇంటికి బీమా ఉంటే క్లెయిముకు పనికొస్తాయి. ఇప్పుడు చెప్పబోయేదానికి అవి తప్పనిసరి.

2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. సోలార్ ప్యానెళ్లు కూడా వాటి కిందకే వస్తాయి. ప్యానెళ్లు తయారు చేసినవాళ్లు, దిగుమతి చేసి అమ్మినవాళ్లు 2034-35 వరకు వచ్చే పాత ప్యానెళ్లను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పిన పద్ధతిలో నిల్వ చేసి ఏటా లెక్క చెప్పాలి. కాబట్టి మొదట చేయాల్సింది లేబుల్ మీదున్న కంపెనీకి ఫొటోలతో మెయిల్ పెట్టడం. నా అనుభవంలో మూడు ప్యానెళ్లకు ఎవరూ బండి పంపరు. ఒక కంపెనీ అయితే నా ఉత్తరాలకు ఏడాదిపాటు జవాబే ఇవ్వలేదు. అయినా మెయిల్ పెట్టండి, రాతపూర్వకంగా ఉండాలి. జవాబు రాకపోతే కేంద్ర మండలి ఈ-వ్యర్థాల పోర్టల్‌లో రిజిస్టరైన రీసైక్లర్ల జాబితా ఉంటుంది, అందులో సోలార్ ప్యానెళ్లు తీసుకునేవాళ్లను చూసుకుని ఫోన్ చేయాలి. కాకినాడలో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో అడిగినా దారి చెబుతారు. ఈ-వ్యర్థాల రిజిస్ట్రేషన్ ఉందనగానే ఇచ్చేయకండి. కంప్యూటర్లూ ఫోన్లూ విప్పేవాళ్లు కూడా అదే జాబితాలో ఉంటారు. "ప్యానెళ్లకు మీకు అనుమతి ఉందా, గాజు ఏం చేస్తారు" అని అడగండి. గాజు గురించి సూటిగా జవాబు చెప్పలేకపోతే వాళ్లకీ మీ ఊరి వ్యాపారికీ తేడా లేనట్టే.

మూడిటి కోసం లారీ రాదు అన్నాను కదా, దానికి నేను ఇక్కడ చేస్తున్న పని చెబుతాను. ఊళ్లో గుడికీ, చర్చికీ, బడికీ, పంచాయతీ వీధి దీపాలకీ, చెరువుల దగ్గర పాకలకీ పాత ప్యానెళ్లు ఎక్కడో ఒక మూల పడి ఉంటాయి. అందరినీ అడిగి ఒకచోట చేర్చితే నలభై యాభై అవడం కష్టం కాదు. అప్పుడు రీసైక్లర్‌తో మాట్లాడటానికి మనకూ ఒక బలం ఉంటుంది. మా ఊళ్లో ఒక కొబ్బరి వ్యాపారి గోడౌన్‌లో ఒక మూల ఇచ్చారు. కింద కొబ్బరి దుంగలు వేసి, వాటి మీద ప్యానెళ్లను పొడుగు అంచు మీద నిలబెట్టి, ఒక్కో దానికీ మధ్య వరిగడ్డి పెట్టి తాడు కట్టాం. వరద వచ్చినా తగలకుండా నేలకు రెండడుగుల ఎత్తున ఉంచాం. 2022 జులై వరదల్లో లంకల్లో ఎంత సామాను కొట్టుకుపోయిందో చూశాక ఆ జాగ్రత్త వచ్చింది. పగిలిన వాటిని ముందు గాజు మీద వెడల్పు టేపు అంటించి, తర్వాత మందపాటి ప్లాస్టిక్‌లో మూట కట్టి విడిగా పెట్టండి. ఆలస్యమైతే ఆలస్యం కానివ్వండి, పొడిగా ఉన్న ప్యానెల్ ఏడాది ఉన్నా ఎవరికీ హాని చేయదు.

మీ ఊరి పాత సామాన్ల అతన్ని ఊరికే పంపొద్దు. ఇనుప స్టాండు, నట్టు బోల్టులు, పైపులు అతనికే అమ్మండి, అవి అతనే బాగా తీసుకెళ్తాడు. ఇన్వర్టర్ పోయి ఉంటే మాత్రం ప్యానెళ్లతో పాటే దాచండి.

బ్యాటరీల గురించి మీరు అడగలేదు, కానీ అమ్మగారి భయమంతా నిజానికి వాటి మీద ఉండాలి. మీవి సీసం-యాసిడ్ బ్యాటరీలే అయి ఉంటాయి. ఒక్క పెద్ద ట్యూబులర్ బ్యాటరీలో ఉండేంత సీసం వందల ప్యానెళ్లు కలిపినా ఉండదు. బరువు తగ్గించి మోయడానికని యాసిడ్‌ను పెరట్లో పారబోస్తారు, అది నేరుగా బావిలోకి దారి. 2022లోనే బ్యాటరీలకు వేరే నిబంధనలు వచ్చాయి, వాటి ప్రకారం పాతవి వెనక్కి తీసుకోవడం కంపెనీల బాధ్యత. కొత్తవి కొనే షాపులో యాసిడ్ తీయకుండా పాతవి అలాగే అప్పగించి, బిల్లులో ఆ ధర తగ్గించి రాయించుకోండి. వీటికి రీసైక్లర్ కోసం వెతకాల్సిన పని ఉండదు.

ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. పగిలిన మూడింటి కింద డాబా మీద రాలిన గాజు ఇంకా అక్కడే ఉండి ఉంటుంది. మళ్లీ వాన వచ్చేలోపు తడిగుడ్డతో, చీపురుతో ఎత్తి ఒక డబ్బాలో పోయండి, దాన్ని కూడా ఆ ప్యానెళ్లతోనే పంపాలి. డాబా నీళ్లు దిగే గొట్టం ఎటు వెళ్తుందో చూసుకోండి. పశువుల కుడితి తొట్టి దగ్గరికో, బావి పక్కకో అయితే అవన్నీ ఎత్తేదాకా ఆ గొట్టం నోటికి గోనెపట్టా కట్టి ఉంచండి.